పియానో త్రయం (క్యూబా శైలి)

పియానో, డబుల్ బాస్, డ్రమ్స్ అనే మూడు వాద్యాలతో జాజ్ వాయించే చిన్న మేళాన్ని పియానో త్రయం అంటారు. ఆ ముగ్గురూ సోన్, దాన్సోన్, మాంబో, చాచాచా వంటి క్యూబా నృత్య లయలను ఆధారం చేసుకుని, వాటి మీద మనోధర్మం వాయిస్తే ఏర్పడే శైలి ఈ వ్యాసానికి విషయం. డ్రమ్స్ బదులు కొంగా, బొంగో, బాటా వంటి చేతి డోళ్ళు ఉన్నా త్రయమే. నలుగురైదుగురు ఉన్న మేళాల్లో పియానోదే పెత్తనమైన చోట వాటినీ కలుపుకున్నాం.

పియానో తీగల వాద్యమని సామాన్యంగా అనుకుంటారు. మెట్టు నొక్కితే లోపల ఉన్నిబట్ట చుట్టిన చిన్న సుత్తి వెళ్ళి తీగను కొడుతుంది; అంటే దాని పుట్టుకలోనే దెబ్బ ఉంది. యూరపు విద్వాంసులు రెండు శతాబ్దాల పాటు ఆ దెబ్బ వినిపించకుండా గానంలా పలికించడానికి శ్రమపడ్డారు. హవానా వాద్యకారులు దాన్ని దాచలేదు. క్యూబా శైలి చరిత్ర అంతా పియానో డోలుగా మారిన చరిత్రే.

లయ నిర్మాణం

ఈ సంగీతానికి ఆధారం క్లావే. క్లావే అంటే ఒక వాద్యమూ, ఒక లయా కూడా. వాద్యం జానెడు పొడవు గట్టి కర్రముక్కల జత. హవానా ఓడల రేవులో పలకలు బిగించే కొయ్య మేకుల నుంచి ఇది వచ్చిందని చెబుతారు. ఒకదాన్ని ఎడమ అరచేతి గుంటలో వదులుగా పెట్టుకుని రెండోదానితో కొడతారు. గట్టిగా పట్టుకుంటే నాదం చచ్చిపోతుంది. రాయలసీమ పల్లెల్లో చెక్కభజన చూసినవారికి, చక్రాయపేట, పులివెందుల వైపు రామాలయాల ముందు చెక్కల చప్పుడు విన్నవారికి, రెండు కొయ్యముక్కలు ఇంత పెద్ద గుంపును ఎలా నడిపిస్తాయో వేరే చెప్పనక్కరలేదు.

లయగా క్లావేలో ఐదు దెబ్బలు ఉంటాయి. పదహారు అక్షరాల ఆవర్తాన్ని మన సొల్లుకట్టులో తకిట, తకిట, తకధిమి, తక, తకధిమి అని చెప్పుకుని, ప్రతి ముక్క మొదటి అక్షరం మీద చప్పట్లు కొడితే అదే సోన్ క్లావే. మొదటి సగంలో మూడు దెబ్బలు, రెండో సగంలో రెండు. పాటను బట్టి ఈ సగాలు తారుమారై రెండు ముందు, మూడు తర్వాత రావచ్చు. కానీ ఒకసారి మొదలైన వరస పాట చివరిదాకా మారదు. మారిస్తే క్లావే దాటాడంటారు, అది వాద్యకారుడికి తలవంపు. క్లావే కర్రలు మేళంలో లేకపోయినా అందరి మనసులోనూ అవి మోగుతూ ఉండాలి.

బాస్ వాయించేవాడు ఆవర్తం మొదటి దెబ్బను తరచు ఖాళీ వదిలేసి, రాబోయే స్వరాన్ని దానికి ముందే అందుకుంటాడు. మన శాస్త్రంలో అతీత గ్రహం అనే మాట దీనికి దగ్గరగా వస్తుంది. పియానో కుడిచేయి, ఎడమచేయి ఒకే వరసను ఎడం స్థాయిల్లో పట్టుకుని, దెబ్బల మధ్య సందుల్లో పడేలా తిప్పుతూ ఉంటాయి. ఈ తిరుగుడు వరసను మొంతూనో అంటారు. విడిగా వింటే తప్పటడుగుల్లా ఉండే ఈ మూడు వరసలు కలిసినప్పుడు మాత్రం కాలు కదలక మానదు.

పూర్వ చరిత్ర

స్పెయిన్ వలస పాలనలో, చెరకు తోటల కోసం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన యోరుబా, బంటు జనుల డోళ్ళ సంప్రదాయం, యూరపు నుంచి వచ్చిన కాంట్రడాన్స్ నృత్యం హవానాలో కలిశాయి. బానిసత్వం అక్కడ 1886 దాకా సాగింది. మాన్యుయెల్ సౌమెల్ (1818-1870) పియానోకు రాసిన కాంత్రదాన్సాలు యాభైకి పైగా ఉన్నాయి. నిమిషం, నిమిషంన్నరలో అయిపోయే ఆ చిన్న రచనల ఎడమచేతి వరసల్లో తకిట తకిట తక నడక అప్పటికే కనిపిస్తుంది. పారిస్‌లో చదువుకొచ్చిన ఇగ్నాసియో సెర్వాంతెస్ (1847-1905) వాటికి సొగసు దిద్దాడు. 1879 జనవరి 1న మతాంజాస్ పట్టణంలో మిగెల్ ఫైల్దే మేళం తొలి దాన్సోన్‌గా చెప్పే రచనను వాయించింది.

హవానా నుంచి న్యూఆర్లీన్స్‌కు ఓడ ప్రయాణం కొద్ది రోజులే. జాజ్ పుట్టిన ఊరిలో ఈ లయ మొదటి నుంచీ ఉంది. 1938లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం కోసం అలన్ లోమాక్స్ రికార్డు చేసినప్పుడు, పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్ స్పానిష్ రంగు లేకపోతే జాజ్‌కు సరైన రుచి రాదన్న అర్థంలో మాట్లాడి, వాయించి చూపించాడు. 1930లో డాన్ ఆస్పియాసు మేళం న్యూయార్క్‌లో వినిపించిన వేరుశనక్కాయలు అమ్ముకునేవాడి పాట 'ఎల్ మనిసేరో'తో అమెరికాలో రుంబా పిచ్చి మొదలైంది. ఆ పాట రచయిత మోయిసెస్ సిమోన్స్ కూడా పియానిస్టే.

డోలుగా మారిన పియానో: 1940-1960

పల్లె సోన్ మేళంలో ప్రధాన వాద్యం త్రెస్ అనే చిన్న గిటారు. అంధుడైన త్రెస్ విద్వాంసుడు ఆర్సేనియో రోద్రిగెస్ 1940 ప్రాంతంలో తన మేళంలోకి పియానోనూ, కొంగానూ, అదనపు ట్రంపెట్లనూ తెచ్చాడు. త్రెస్ మీద తిరిగే వరసలు పియానో మీదికి ఎక్కాయి. మొంతూనో ఈ రోజు మనం వినే రూపం తెచ్చుకున్నది ఆయన పియానిస్టులు రూబెన్ గొంజాలెజ్, లిలీ మార్తినెస్‌ల చేతుల్లోనే. అంతకు ముందు దాన్సోన్ మేళాల్లో ఆంతోనియో మరియా రొమేవు పియానోకు గౌరవస్థానం సంపాదించి పెట్టాడు. ఆయన 1926 నాటి 'త్రెస్ లిందాస్ కుబానాస్'లోని పియానో సోలోను క్యూబా పియానిస్టులు ఇప్పటికీ పాఠంలా నేర్చుకుంటారు.

న్యూయార్క్‌లో మాచితో మేళం 1940లో ఏర్పడింది. దాని సంగీత దర్శకుడు మారియో బౌసా 1943లో కట్టిన 'తాంగా' క్యూబా లయకూ జాజ్‌కూ జరిగిన తొలి పెళ్ళిగా లెక్కకు వస్తుంది. 1947లో జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ, హవానా నుంచి వచ్చిన డోలు విద్వాంసుడు చానో పోసో కలిసి 'మాంతెకా' కట్టారు. మరుసటి ఏడు డిసెంబరులో చానో పోసో హార్లెమ్‌లోని ఒక బారులో హత్యకు గురయ్యాడు. ఇవన్నీ పెద్ద మేళాలు, బాకాల హోరు. అదే నగరంలో పోర్టోరికో పియానిస్టు నోరో మొరాలెస్ బాకాలు తీసేసి పియానో, బాస్, డోళ్ళతో చిన్న జట్టు నడిపాడు. నాట్యశాలల జనం దానికీ అంతే హుషారుగా ఆడారు. త్రయం వైపు తొలి అడుగు వేసినవాడిగా ఆయనకు దక్కవలసినంత పేరు దక్కలేదు.

జాజ్ వైపు నుంచి వచ్చిన తొలి గొప్ప ఉదాహరణ 1951 మే 1న బ్లూ నోట్ కంపెనీకి బడ్ పవెల్ రికార్డు చేసిన 'ఊన్ పోకో లోకో'. పేరుకు కాస్త పిచ్చి అని అర్థం. బాస్ కర్లీ రసెల్, డ్రమ్స్ మాక్స్ రోచ్. ఆ రోజు ముగ్గురూ దీన్ని మూడుసార్లు వాయించారు, మూడూ అచ్చయ్యాయి. వరసగా వింటే రోచ్ దారి వెతుక్కోవడం తెలుస్తుంది. మొదటిసారి నడక ఇంకా కుదురుకోలేదు. మూడోసారికి పశువుల మెడగంట వంటి ఇనుప గంట మీద ఒక వంకర నడక స్థిరపడింది. దాని మీద పవెల్ కుడిచేయి ఒకే స్వరం చుట్టూ పట్టు వదలకుండా తిరుగుతుంది. నాట్యానికి పుట్టిన లయ ఇక్కడ నాట్యాన్ని వదిలేసింది. సాహిత్య విమర్శకుడు హెరాల్డ్ బ్లూమ్ ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ కళాఖండాల చిన్న పట్టికలో దీన్ని చేర్చాడు. ఈ వ్యాసంలో ఒక్క రికార్డే వినగలిగితే ఇదే వినదగినది.

1954లో రెండు జాజ్ జట్లు హవానా డోలు విద్వాంసుడు కాండిడో కమేరోను కలుపుకున్నాయి. బిల్లీ టేలర్ త్రయం ఒకటి, 'మాంబో మూవ్స్ గార్నర్' రికార్డుతో ఎరోల్ గార్నర్ రెండోది. కాండిడో ఒక్కడే రెండు మూడు కొంగాలను వేర్వేరు స్థాయిలకు బిగించి వాటి మీద స్వరాలు పలికించేవాడు. డోలు పియానో అవుతున్న చోట పియానో డోలవడం వింతేమీ కాదు. 1958లో రెడ్ గార్లాండ్ త్రయం రే బారెటో కొంగాతో 'మాంతెకా' వాయించింది. అదే ఏడు జనవరి 16న షికాగో పెర్షింగ్ హోటల్లో అహ్మద్ జమాల్, బాస్ ఇజ్రాయెల్ క్రాస్బీ, డ్రమ్స్ వెర్నెల్ ఫోర్నియర్ వాయించిన 'పాయిన్‌సియానా' ఎనిమిది నిమిషాల పాట. ఒకే డ్రమ్మర్ వాయించినా ఇద్దరు కొడుతున్నట్టు వినిపిస్తుంది. ఆ రికార్డు అమ్మకాల పట్టికలో రెండేళ్ళకు పైగా నిలిచింది, జాజ్‌కు అది అపూర్వం.

హవానాలో ఈ కాలపు పెద్దదిక్కు బెబో వాల్డెస్ (1918-2013). త్రోపికానా నాట్యశాలలో పియానిస్టుగా, సంగీత కూర్పరిగా పగలూ రాత్రీ పనిచేసేవాడు. 1952లో అమెరికా రికార్డు నిర్మాత నార్మన్ గ్రాంజ్ కోసం ఆయన జట్టు రికార్డు చేసిన దెస్కార్గా, అంటే అప్పటికప్పుడు కలిసి వాయించే గోష్ఠి, క్యూబాలో ఆ తరహాకు తొలి రికార్డుల్లో ఒకటి. పెరుచిన్ అనే పేరుతో ప్రసిద్ధుడైన పెద్రో హుస్తిస్, చూపులేని ఫ్రాంక్ ఎమిలియో ఫ్లిన్ ఆయన సమకాలికులు. పెరుచిన్ చేతి విసురు కాస్త మొరటుగా ఉంటుంది, దాని అందం కూడా అందులోనే ఉంది.

1959 తర్వాత

క్యూబా విప్లవం తర్వాత జూదశాలలు మూతపడ్డాయి. 1960 అక్టోబరులో బెబో దేశం విడిచిపెట్టాడు. తర్వాత స్టాక్‌హోమ్‌లో పెళ్ళి చేసుకుని, ముప్పై ఏళ్ళు అక్కడి హోటళ్ళలో అతిథులు భోంచేస్తుండగా పియానో వాయించాడు. అమెరికా వాణిజ్య ఆంక్షలతో క్యూబా రికార్డులు బయటికి రావడం తగ్గింది.

తండ్రి బెబో పుట్టిన తేదీనే, అక్టోబరు 9న, 1941లో పుట్టిన చుచో వాల్డెస్ హవానాలోనే ఉండిపోయాడు. 1972లో చుచో పియానో, కార్లోస్ దెల్ పుఎర్తో బాస్, ఆస్కార్ వాల్డెస్ డోళ్ళతో 'జాజ్ బాటా' రికార్డు చేశారు. బాటా యోరుబా దేవతల కొలుపులో వాయించే ఇసుకగడియారం ఆకారపు డోళ్ళు, రెండు వైపులా తోలు ఉంటుంది. త్రయంలో డ్రమ్ముల సెట్టు తీసి ఆ స్థానంలో గుడి డోలును పెట్టడం గట్టి సాహసం. మరుసటి ఏడు ఆయన ఇరాకెరె అనే పెద్ద జట్టు కట్టడంతో ఈ ప్రయోగం మరుగునపడింది. 2018లో అదే పేరుతో రెండో రికార్డు వెలువరించాడు.

1980లు ఈ రూపానికి అంత ఫలవంతం కావు. 1990లో హవానా పియానిస్టు గొంజాలో రుబల్కాబా స్విట్జర్లాండ్‌లోని మాంత్రూ ఉత్సవంలో బాస్ చార్లీ హేడెన్, డ్రమ్స్ పాల్ మోషన్‌లతో త్రయంగా వాయించి సంచలనం సృష్టించాడు. అమెరికా గడ్డ మీద వాయించడానికి మాత్రం 1993 దాకా ఆగవలసి వచ్చింది. డొమినికన్ పియానిస్టు మిషెల్ కమిలో త్రయం 2003లో న్యూయార్క్ బ్లూ నోట్ క్లబ్బులో చేసిన రికార్డుకు గ్రామీ వచ్చింది. అతని వేగం అబ్బురమే అయినా వినేవారికి ఊపిరాడనివ్వదు.

పాతతరం తిరిగి రావడం ఈ కాలపు విశేషం. 1996లో హవానాలో పాతతరం వాద్యకారులను కూడగట్టిన బ్యేనా విస్తా సోషల్ క్లబ్ రికార్డింగు జరుగుతున్నప్పుడు రూబెన్ గొంజాలెజ్‌కు 76 ఏళ్ళు. వేళ్ళకు కీళ్ళవాతం. ఇంట్లో పియానో చెదలు తిని పోయింది. పొద్దున్నే వచ్చి స్టూడియో తలుపు ముందు నిలబడి, తీయగానే లోపలికి వెళ్ళి పియానో ముందు కూర్చునేవాడు. అలా ఆయన సొంత రికార్డు రెండు రోజుల్లో పూర్తయింది. ఇక బెబో, 2001లో వెలువడిన 'ఎల్ ఆర్తె దెల్ సాబోర్'లో బాస్ విద్వాంసుడు కాచావ్‌తోనూ, కొంగా విద్వాంసుడు పటాటోతోనూ త్రయం కట్టాడు. ముగ్గురూ డెబ్బై దాటినవారు, ఎవరికీ తొందర లేదు. దానికీ గ్రామీ దక్కింది. తర్వాతి తరంలో రొబెర్తో ఫొన్సేకా, ఆల్ఫ్రెదో రోద్రిగెస్, తమ్ముడు రుయ్ డ్రమ్స్‌తో త్రయం నడిపిన హరోల్డ్ లోపెస్-నుస్సా పేర్కొనదగినవారు.

భారతదేశంలో, తెలుగునాట

అమెరికా పియానిస్టు టెడ్డీ వెదర్‌ఫర్డ్ 1945లో కలరాతో చనిపోయే దాకా కలకత్తా, బొంబాయి హోటళ్ళలో జాజ్ వినిపించాడు. హిందీ సినిమా వాద్యబృందాల్లోకి బొంగో, కొంగా రావడానికి డోలు వాద్యకారుడు కావస్ లార్డ్ ముఖ్య కారకుడు. మద్రాసు స్టూడియోలలో పనిచేసిన తెలుగు సంగీత దర్శకులు కూడా క్లబ్బు పాటలకు, హుషారు యుగళగీతాలకు ఆ వాద్యాలను వాడుకున్నారు.

పియానోకు మాత్రం తెలుగు తెర మీద వేరే ఉద్యోగం దొరికింది. పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్. రెడ్డి తీసిన 'పూజాఫలం' (1964)లో సాలూరి రాజేశ్వరరావు సంగీతానికి జమున పియానో ముందు కూర్చుని పాడే సన్నివేశం అందరికీ గుర్తే, గొంతు ఎస్. జానకిది. కలవారి హాల్లో మెరిసే నల్లటి పెట్టె, పక్కనే పూలకుండీ, కాస్త ఎడంగా నిలబడి వినే కథానాయకుడు: ఆ నాటి చిత్రాల్లో పియానో అంటే ఇదే. పాట ఎంత మధురమైనా, ఇక్కడ పియానో ఇంటి హోదాను చెప్పే సామాను. దాన్ని డోలులా మోగించే పని మన వాద్యబృందాల్లో బొంగోకూ, డోలక్‌కూ, తబలాకూ పోయింది.