కన్నీటి కాలువ కథ

పుట్టిన కొద్ది వారములకు కొందరు పసిపిల్లల కంట నీరు నిలిచి చెక్కిలిపైకి జారుచుండును. తెల్లవారి లేచుసరికి రెప్పలు పుసికట్టి అంటుకొనును. బిడ్డ ఏడ్చుట లేదు, బాధపడుచున్నట్లును తోచదు. తల్లులు కంగారుపడి కాటుక దిద్దుదురు, చనుబాలు పిండుదురు. వీనివలన ఫలము లేదు. చిక్కంతయు కంటి క్రింది కాలువలో ఉన్నది.

కంటికి పైన వెలుపలి వైపున గల అశ్రుగ్రంథిలో నీరు ఊరును. అది కంటిని కడిగి, ముక్కు వైపున రెప్పల అంచులలో గల రెండు సన్నని రంధ్రముల గుండా దిగి, అశ్రుకోశ మను చిన్న సంచిని చేరును. అచ్చటినుండి నాళము ద్వారా ముక్కులోనికి పోవును. ఏడ్చినపుడు ముక్కు కారుట ఇందువలననే. గర్భస్థశిశువులో ఈ నాళము మొదట కణముల త్రాడువలె ఉండి, పిమ్మట డొల్లయగును. ముక్కులో తెరచుకొను కొన అన్నిటికంటె ఆలస్యముగా విడును. అచ్చట పలుచని పొర మిగిలినచో నీరు వెనుకకు తన్నును.

ఈ దారి తెలియని కాలమున వైద్యులు చూడగలిగినది కనుమూల వాపు, చీము మాత్రమే. సుశ్రుతసంహిత దానిని పూయాలస మనెను. క్రీ. శ. 1వ శతాబ్దమున రోమను గ్రంథకర్త సెల్సస్, అట్టి పుండును కోసి, కాల్చిన ఇనుముతో ఎముకవరకు వాత పెట్టవలెనని వ్రాసెను. ఈనాడు వినుటకే భయము వేయును గాని, ఎముక చెడినదని తలచిన వైద్యునికి అంతకంటె మార్గము తోచలేదు.

కన్నీరు మెదడునుండి దిగునని చిరకాలము నమ్మిరి. 1660లో గొఱ్ఱె తలను కోయుచు లాలాజల నాళమును కనుగొన్న డెన్మార్కు యువకుడు నీల్స్ స్టెన్సెన్, 1662లో కన్నీటి గ్రంథిని, దాని నాళములను వర్ణించి ప్రచురించెను. అప్పటినుండి కనుమూల పుండును అడ్డుపడిన కాలువగా చూచుటకు వీలు కలిగెను.

ఆ వీలును చికిత్సగా మార్చినవాడు ఫ్రెంచి శస్త్రవైద్యుడు డొమినిక్ ఆనెల్. రెప్ప అంచులోని రంధ్రము గుండా మిక్కిలి సన్నని సలాకను పంపి, చిన్న పిచికారీతో నాళమును కడిగిన వృత్తాంతమును ఆయన 1713లో ట్యూరిన్ నగరమున ప్రకటించెను. ఇందులో నిప్పుతో పని లేదు. తోటివైద్యులు కొందరు ఆయనతో పెద్ద వాదమునకే దిగిరి. 19వ శతాబ్ది నడుమ లండనులో విలియం బౌమన్ వరుస లావులు గల సలాకలను వాడుకలోనికి తెచ్చెను; అవి నేటికిని ఆయన పేరుననే చెల్లుచున్నవి. అయితే సలాక పోవుటకై ఆయన రెప్పలోని సన్నని దారిని చీల్చెడివాడు. నీటిని లోనికి పీల్చునది ఆ దారియే గనుక ఈ పద్ధతి తరువాత వెనుకబడెను.

1923లో అమెరికా వైద్యుడు క్రిగ్లర్ పసిబిడ్డలకు సలాక కూడ అక్కరలేని ఉపాయము చెప్పెను. కనుమూలను వ్రేలితో అదిమి, నీరు పైకి పోవు దారి మూసి, అశ్రుకోశముపై క్రిందికి నొక్కవలెను. మూసిన పాత్రలోని ద్రవముపై ఒత్తిడి కలిగించిన అది అన్ని వైపులకు ప్రాకునను పాస్కల్ సూత్రము ఉన్నతపాఠశాల విద్యార్థికి తెలిసినదే; ఇచ్చట ఆ ఒత్తిడి పొరను చీల్చును. ఊరక రుద్దుటకంటె ఈ మర్దన మేలని 1982లో అమెరికాలో కుష్నర్ పోల్చి చూపెను.

అసలు ఎందరికి చికిత్స కావలెను? 1991లో బ్రిటనులో ప్రచురితమైన పరిశీలనలో 4,792 మంది శిశువులను చూడగా, ఇంచుమించు అయిదింట ఒకరికి కన్ను నీరు కారెను. వారిలో నూటికి 96 మందికి ఏడాది నిండకముందే అది దానంతట అదే తగ్గెను. 2012లో వెలువడిన అమెరికా పరిశోధనలో, 6 నుండి 10 నెలల లోపు బిడ్డల కండ్లలో మూడింట రెండు వంతులు మరి ఆరు నెలలలో శస్త్రచికిత్స లేకయే బాగుపడెను. అందుచే నేడు పెక్కుమంది వైద్యులు సలాకను ఏడాది వరకు ఆపుదురు. అప్పటికిని విడనిచో మత్తు ఇచ్చి ఆనెల్ చూపిన దారినే సలాకను పంపుదురు. పని కొద్ది నిమిషములలో ముగియును.

వేచియుండుట అన్నివేళల తగదు. పుట్టిన దినములలోనే కనుమూల నీలిరంగు వాపు కనబడినను, అచ్చట ఎఱ్ఱబారి జ్వరము వచ్చినను ఆలస్యము చేయరాదు. నీరు కారుటతో పాటు బిడ్డ వెలుతురు చూడలేక కన్ను మూసికొనుట, నల్లగ్రుడ్డు పెద్దదై మసకబారుట కనబడిన అది నాళపు జబ్బు కాక కంటిలోని ఒత్తిడి పెరుగు గ్లాకోమా కావచ్చును. అట్టి బిడ్డను వెంటనే నేత్రవైద్యునికి చూపవలెను.