విత్తనం ఎవరిది?

సాంఘిక శాస్త్రాల పరిశోధనలో దేశదేశాల పండితులు చేయి కలపడం మంచిదా కాదా అన్న వాదులాట అనవసరం. మంచిదే. వలసను గురించీ, కూలిరేట్లను గురించీ, కరువును గురించీ ఒక దేశపు సరిహద్దుల్లో కూర్చుని సమస్తం తెలుసుకోగలమని అభ్యుదయవాదులెవరూ అనరు. చర్చించవలసింది వేరు. పరిశోధన ఇంకా ఆరంభం కాకముందు, పండితులు ఒకచోట కూడి మాట్లాడుకోవడానికీ, నాలుగూళ్ళు తిరిగి చూచి రావడానికీ, ప్రశ్నావళి రాసుకోవడానికీ కొంత సొమ్ము కావాలి. దీనినే నేడు విశ్వవిద్యాలయాల్లో 'సీడ్ ఫండింగ్' అంటున్నారు. విత్తనపు సొమ్మన్నమాట. గింజల అప్పుకు మన పల్లెల్లో పాతమాట ఉంది: నాగు. అదునులో ఆసామి దగ్గర గింజలు తెచ్చుకుని, పంటనాడు అసలుకు సగం కలిపి కొలిచిన రైతుకు ఈ వ్యవహారం విప్పి చెప్పనక్కరలేదు. పరిశోధన మొత్తం ఖర్చులో విత్తనపు సొమ్ము స్వల్పమే. కాని ఏ ప్రశ్న వెయ్యాలో తేలిపోయేది మాత్రం అప్పుడే.

దీనికి చిలీ దేశంలో జరిగినంత స్పష్టమైన ఉదాహరణ నాకు మరొకటి కనబడదు.

1964 చివర అమెరికా సైన్యం 'కేమెలాట్' అనే పథకాన్ని తలపెట్టింది. వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీ పంచన నడుస్తూ, సైన్యపు సొమ్ముతో బ్రతికే ఒక పరిశోధనా కార్యాలయానికి ఆ పని అప్పగించారు. మూడు నాలుగేళ్ళపాటు, ఏటా సుమారు 15 లక్షల డాలర్లు. సాంఘిక శాస్త్రాలు అంతవరకు అంత సొమ్ము మొహం చూచి ఎరగవు. వెనుకబడిన దేశాల్లో అంతర్యుద్ధాలు ఎందుకు పుడతాయో ముందే పసికట్టడం, వాటిని ఆపడానికి ప్రభుత్వాలు ఏం చెయ్యవచ్చునో తేల్చడం దాని లక్ష్యాలు. పేరు మాత్రం ఆర్థర్ రాజు కొలువు పేరు! సైన్యాలు తమ పథకాలకు కావ్యాల్లోంచి పేర్లు ఏరుకోవడం గురించి సాహిత్య విద్యార్థి ఎవరైనా ఒక వ్యాసం రాయవచ్చు.

పథకం రూపకల్పన కోసం 1965లో పండితుల సభ జరపాలనుకున్నారు. చిలీ రాజధాని శాంటియాగోలో బోధిస్తున్న నార్వే సామాజిక శాస్త్రవేత్త యోహాన్ గాల్టుంగ్‌కు ఆహ్వానం వెళ్ళింది. ఆయన నిరాకరించాడు. సైన్యం సొమ్ము అన్నది ఒక కారణం. దానికంటె లోతైన కారణం మరొకటి చెప్పాడు. లాటిన్ అమెరికా దేశాల వ్యవహారాల్లో అమెరికా ఏ పరిస్థితుల్లో కల్పించుకోవచ్చునో పరిశీలిస్తున్నారు సరే, అమెరికా వ్యవహారాల్లో లాటిన్ అమెరికా దేశాలు ఏ పరిస్థితుల్లో కల్పించుకోవచ్చునో ఎందుకు పరిశీలించరు? ఈ ప్రశ్నను చదివి నవ్వుకునేవారు ఉంటారు. ఎందుకు నవ్వు వచ్చిందో ఆలోచిస్తే సాంఘిక శాస్త్రాల ప్రపంచం ఎలా నిర్మితమైందో అర్థమవుతుంది.

అదే కాలంలో, చిలీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఒక మానవశాస్త్రజ్ఞుడు వచ్చి చిలీ విశ్వవిద్యాలయంవారిని కదిపాడు. సైన్యం మాట దాచి, ఇది శుద్ధ పరిశోధన అన్నట్లుగా మాట్లాడాడు. గాల్టుంగ్ తన దగ్గరున్న పత్రాలు అక్కడి సహచరులకు చూపించేసరికి గుట్టు రట్టయింది. వామపక్ష పత్రికలు అందుకున్నాయి, చట్టసభల్లో దుమారం రేగింది. ఆ ఏప్రిల్‌లోనే అమెరికా సైనికులు డొమినికన్ రిపబ్లిక్‌లో దిగి ఉన్నారు. పరిశోధన అనే మాటను ఆ సమయంలో ఎవరు నమ్ముతారు? 1965 జూలై 8న పథకం రద్దయింది. అంటే అది ఏ ఊళ్ళోనూ అడుగు పెట్టకుండానే, విత్తనం దశలోనే పోయింది.

అందులో చేరిన ఆచార్యులందరూ గూఢచారులని మనవాళ్ళు కొందరు తేలికగా అనేస్తారు. నేను ఒప్పుకోను. ఆ ఉదంతాన్ని పరిశీలించి 1967లో గ్రంథం వెలువరించిన అర్వింగ్ లూయీ హొరోవిట్జ్ చెప్పేదేమంటే, వారిలో చాలామంది ఉదారభావాలు కలవారే. సైన్యానికి జ్ఞానబోధ చేయగలమని నమ్మినవారే. నాకు భయం కలిగించేది సరిగ్గా ఇదే. మనిషి చెడ్డవాడు కానక్కరలేదు. తిరుగుబాటును రోగమనీ, స్థిరత్వాన్ని ఆరోగ్యమనీ ముందే రాసి ఉన్న కాగితం మీద సంతకం పెడితే చాలు. రైతు భూమి ఎందుకు అడుగుతున్నాడన్న ప్రశ్న, రైతును ఎలా శాంతింపజెయ్యాలన్న ప్రశ్నగా మారిపోతుంది. రద్దు తర్వాత ఆగస్టులో అధ్యక్షుడు జాన్సన్ ఇచ్చిన ఆదేశం కూడ ప్రశ్న జోలికి పోలేదు. విదేశీ సంబంధాలకు చిక్కు తెచ్చే పరిశోధనలను విదేశాంగ శాఖ ముందుగా చూడాలన్నది, అంతే.

మన దేశానికీ ఈ గాలి సోకింది. హిమాలయ సరిహద్దు దేశాల అధ్యయనమని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం చేపట్టిన పథకానికి అమెరికా రక్షణశాఖ సొమ్ము అందుతున్నదని 1968లో బయటపడింది. పార్లమెంటులో గొడవ జరిగింది, పథకం ఆగింది. మరుసటి సంవత్సరమే, 1969లో, గాడ్గిల్ అధ్యక్షుడుగా భారత సాంఘిక శాస్త్ర పరిశోధనా మండలి ఏర్పడింది. ఆ గొడవ వల్లనే ఏర్పడిందని అనను. ఆలోచన అంతకుముందు నుంచీ ఉంది. కాని ప్రశ్న వేసే హక్కు నిలవాలంటే మన ఖజానాలోంచి సొమ్ము రావాలన్న వాదానికి బలం వచ్చిన కాలం అదే.

మన షామీర్‌పేట సంగతి ఇక్కడ చెప్పాలి. హైదరాబాదుకు 25 మైళ్ళలో ఉన్న ఆ ఊరిని 1951–52లో ఎస్. సి. దూబే అధ్యయనం చేశాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం చేపట్టిన సాంఘిక సేవా విస్తరణ కార్యక్రమంలో భాగంగా, వేర్వేరు శాఖలవారు కలిసి ఊళ్ళో మకాం వేసి చేసిన పని అది. కార్నెల్ విశ్వవిద్యాలయంతో దూబే సంబంధం ఆ తర్వాతిది. గ్రంథం 1955లో లండన్‌లో అచ్చయింది, కార్నెల్ ఆచార్యుడు మారిస్ ఓప్లర్ ముందుమాట రాశాడు. సహకారం అంటే నాకు అభ్యంతరం లేని పద్ధతి ఇది: విత్తు ఇక్కడిది, నీరు ఎక్కడినుంచి వచ్చినా సరే. ఆ గ్రంథపు దృష్టితో మనకు తగాదాలుండవచ్చు. సాయుధ పోరాటం 1951లో ఆగిన నేల మీద నిలబడి ఊరి 'ఐక్యత'ను గురించి రాయడంపై నాకే తగాదా ఉంది. అయితే అది మన ఇంటి తగాదా.

ఈ వాదాన్ని ప్రభుత్వం ఎత్తుకుపోకుండా కాపాడుకోవడం నేడు కష్టంగా ఉంది. విదేశీ విరాళం పొందిన సంస్థ దానిని మరొక సంస్థకు ఇవ్వరాదని 2020లో చట్టం సవరించారు. దెబ్బ తగిలింది పెద్ద సంస్థలకు కాదు, వాటి చేయి పట్టుకుని పనిచేసే జిల్లా సంస్థలకు. 2021 జనవరిలో, దేశ అంతర్గత విషయాలపై ఆన్‌లైన్ అంతర్జాతీయ సభ జరపాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. పండితులు ఎదురు తిరిగితే మరుసటి నెలలోనే ఉపసంహరించారు. ఢిల్లీలోని అధికారి ప్రశ్నను కొట్టివేసినా, వాషింగ్టన్‌లోని అధికారి ప్రశ్నను రాసిచ్చినా షామీర్‌పేట కూలికి ఒరిగేది ఒకటే.

విద్యార్థులు నా దగ్గరకు దరఖాస్తు ఫారాలు తెస్తుంటారు. 'స్థానిక భాగస్వామి' అన్న గడిలో కళాశాల పేరు రాయమంటారు. నేను ముందుగా చూసేది మొత్తాన్ని కాదు. ప్రశ్నావళి మొదట ఏ భాషలో తయారవుతుంది, ఊళ్ళో రాసుకొచ్చిన కాగితాలు పని ముగిశాక ఎవరి బీరువాలో ఉంటాయి, ఫలితాన్ని ఆ ఊరివాళ్ళు చదవగలరా అని అడుగుతాను. ఎక్కువ ఫారాల్లో ఈ మూడింటికీ గడి ఉండదు. కాగితం అంచున చేత్తో రాసి పంపమంటాను.