అధికారిభేదము: గాయపడిన సాధకుడు, నేర్చుకున్న గురువు



కోనసీమలో కొబ్బరి దింపు కార్మికునికి నడుమే జీవనాధారం. కొత్తపేట ప్రాంతంలోని మా ఆలయ మండపంలో ఉదయవేళ జరిగే యోగాభ్యాసానికి, నడుము దెబ్బతిన్న అటువంటి కార్మికుడొకడు వచ్చాడు. నేర్పే యువకుడు భయపడి, "నయమైన తరువాత రండి" అని పంపివేశాడు. హాని కలుగరాదన్న అతని భావన యోగ్యమైనదే. కాని ఆర్తుడు ఆలయం నుండి నిరాశతో మరలిపోవడం నా మనస్సును కలచివేసినది. ఆ సాయంకాలం ఆ యువకునికి చెప్పిన చరిత్రనే ఇక్కడ మనవి చేస్తున్నాను.

తిరుమలై కృష్ణమాచార్యులవారు (1888–1989) 1933 నుండి మైసూరు రాజాశ్రయంలో యోగశాలను నిర్వహించారు. అక్కడ శిష్యులలో అధికులు బాలురు, శిక్షణ కఠినం. 1934లో అక్కడికి చేరిన ఆయన బావమరిది బి.కె.ఎస్. అయ్యంగారు వ్యాధులచే కృశించిన బాలుడు. గురువాజ్ఞపై, తగిన పూర్వాభ్యాసం లేకుండా హనుమానాసనం ప్రదర్శించగా తొడ వెనుక కండరాలు చిట్లి దీర్ఘకాలం బాధపడ్డానని అయ్యంగారే అనంతరకాలంలో చెప్పుకున్నారు. 1937లో పూణె చేరి గురువైన పిదప, అశక్తులకోసం తాళ్ళు, దిండ్లు, చెక్క దిమ్మెలు, కుర్చీలు ఆధారంగా ఆసనాలను నేర్పే పద్ధతిని ఆయన వృద్ధిచేశారు. శరీరం ఆసనాన్ని చేరలేనప్పుడు ఆసనమే శరీరం వద్దకు రావాలన్నది దాని సారం.

గురువు కూడా మారారు. మైసూరు యోగశాల 1950లో మూతపడినది. 1952లో, పక్షవాతంతో బాధపడుతున్న ఒక న్యాయకోవిదుని ఆహ్వానంపై ఆచార్యులవారు మద్రాసు చేరారు. బాలురకు నేర్పిన వేగం రోగికి పనికిరాదు. ఆ నగరంలో ఆయన బోధ ఒక్కొక్క వ్యక్తిని పరీక్షించి, శ్వాసను అనుసరించి, వయస్సునుబట్టి సాగినది. 96వ ఏట తుంటి ఎముక విరిగినప్పుడు శయ్యపైననే చేయదగిన సాధనను తనకు తానే కల్పించుకున్నారు. శస్త్రచికిత్సను ఆయన నిరాకరించిన మాట నిజమే. అది మనకు అనుకరణీయం కాదు. అస్థిభంగానికి ముందు వైద్యుడే శరణ్యం.

పతంజలి మహర్షి తొమ్మిది అంతరాయాలలో వ్యాధిని మొదట పేర్కొన్నారు. కనుక వ్యాధిగ్రస్తుడు యోగానికి వెలుపలివాడు కాడు. యోగం ఎవరిని ఉద్దేశించినదో వారిలో అతడొకడు. మన సంప్రదాయం దీనినే అధికారిభేదమన్నది. వేదపాఠశాలలో సంత చెప్పే గురువు, ఒక విద్యార్థికి స్వరం తప్పితే వానిని పంపివేయడు. తరువాతి పనసకు తొందరపడడు. ఎక్కడ తప్పుతున్నదో విని, అక్కడే నిలిచి మరల చెబుతాడు. గురువుకు ధైర్యం ఆ వినడంలోనే అలవడుతుంది, సాహసంలో కాదు.

మరునాడు ఆ యువకుడు స్వయంగా కార్మికుని ఇంటికి వెళ్ళాడు. వైద్యుడు ఏమన్నాడు, దెబ్బ ఎలా తగిలినది, ఎటు వంగితే నొప్పి పెరుగుతున్నది, కాలు తిమ్మిరెక్కుతున్నదా అని అడిగాడు. వైద్యుని అనుమతితో, వెల్లకిల పరుండి పిక్కలను కుర్చీపై ఉంచి, కేవలం శ్వాసను గమనించడంతో మొదలుపెట్టాడు. ఇప్పటికీ కొంత భయముందని నాతో అన్నాడు. ఉండనీ నాయనా, అది నిన్ను జాగరూకునిగా ఉంచుతుంది అన్నాను.

శుభం భూయాత్.