నమోదు పుస్తకం నుంచి ట్యాబ్ వరకు: విశాఖ ఫిషింగ్ హార్బర్ నేపథ్యంలో ఆరోగ్య కార్యకర్తల డిజిటల్ శిక్షణ

వ్యాససంగ్రహం: ఆంధ్రప్రదేశ్‌లో క్షేత్రస్థాయి ఆరోగ్య కార్యకర్తల డిజిటల్ శిక్షణ సాగిన దశలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రజల జీవనక్రమాన్ని బట్టి పరికరాన్ని వినియోగించే నేర్పు కూడా శిక్షణలో భాగం కావాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఏఎన్‌ఎం, ఆశా, అన్మోల్, ఈ-సంజీవని, మత్స్యకారులు.

1. ఉపోద్ఘాతం

ఏఎన్‌ఎంలకు రాతపని కొత్త కాదు. గర్భిణుల వివరాలకు, టీకాలకు, జననాలకు విడివిడిగా రిజిస్టర్లు ఉండేవి. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు రంగంలోకి వచ్చాక ఇంటింటి సమాచార సేకరణ విస్తరించింది. డిజిటల్ శిక్షణ ఈ రాతపనికి కొనసాగింపుగానే ఆరంభమైంది.

2. శిక్షణలో మూడు దశలు

2009లో కేంద్ర ప్రభుత్వం తల్లీబిడ్డల సేవలను పేరుపేరునా అనుసరించే ఎంసీటీఎస్‌ను ప్రవేశపెట్టింది. ఈ దశలో కార్యకర్త ప్రధానంగా సమాచారం అందించే వ్యక్తి. 2016లో యూనిసెఫ్ సహకారంతో వచ్చిన అన్మోల్ యాప్‌ను తొలుత వినియోగించిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. నెట్ లేనిచోట నమోదు చేసి, తరువాత సర్వర్‌కు పంపే వీలు అందులో ఉంది. దీనితో నమోదు బాధ్యత నేరుగా ఏఎన్‌ఎం చేతికి వచ్చింది.

2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాలను దూరాన ఉన్న వైద్యులతో కలిపే ఈ-సంజీవని సేవలను కూడా ఈ రాష్ట్రమే ముందుగా ప్రారంభించింది. ఇక్కడ కార్యకర్త పాత్ర మారింది. రోగి చెప్పిన బాధను, తాను కొలిచిన రక్తపోటును వైద్యునికి స్పష్టంగా వివరించవలసి వచ్చింది. తెరపై గడులు నింపడం కంటే ఇది భిన్నమైన విద్య.

3. ఫిషింగ్ హార్బర్: స్థలకాలాల సమస్య

ఈ సాధనాలన్నిటి వెనుక ఒక ఊహ ఉంది: మనిషి నమోదైన చిరునామాలోనే దొరుకుతాడు. 1976 నాటి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఆ ఊహ నిలవదు. మరపడవల్లో వేటకు వెళ్లినవారు రోజుల తరబడి సముద్రంలోనే ఉంటారు. చేపల అమ్మకంలో ఉన్న స్త్రీలు తెల్లవారకముందే జెట్టీకి చేరతారు. పగటిపూట వెళ్లిన కార్యకర్తకు తాళం వేసిన తలుపు ఎదురుకావడం సహజం.

2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో 14 అంకెల ఆభా సంఖ్య కీలకం. ఆధార్ ఓటీపీ ద్వారా దానిని సృష్టించాలంటే ఆధార్‌తో అనుసంధానమైన ఫోను అందుబాటులో ఉండాలి. ఆ ఫోను సిగ్నల్ అందని సముద్రంలో ఉంటే ఇంటివద్ద నమోదు ఆగిపోతుంది. దీనిని కార్యకర్త నైపుణ్యలోపంగా లెక్కించడం న్యాయం కాదు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం అమలవుతుంది. పడవలు ఒడ్డున ఉండే ఆ కాలం నమోదుకు, రక్తపోటు, మధుమేహ పరీక్షలకు అనువైనది. మిగిలిన నెలల్లో వేట ముగించుకొని వచ్చే రోజును బట్టి తదుపరి పరీక్ష తేదీని నిర్ణయించాలి.

4. ముగింపు

రిజిస్టరు కాలంలో ఎవరు ఎప్పుడు ఇంట ఉంటారో కార్యకర్తకు అనుభవం వల్ల తెలిసేది. ట్యాబ్ వచ్చినంత మాత్రాన ఆ జ్ఞానం విలువ తగ్గదు. శిక్షణ పాఠ్యాంశాలు దానికి చోటు కల్పించినప్పుడే, నమోదైన సంఖ్యల వెనుక ఉన్న మనిషికి వైద్యం అందుతుంది.