ఒంగోలు బంగళాలో బడి తగాదా

మిషనరీ చరిత్రలు ఎక్కువగా బాప్తిస్మాల లెక్కలతో నిండి ఉంటాయి. బంగళా రోజువారీ బతుకులో కులం ఎట్లా తగాదా పెట్టిందో మనం అడగటం లేదు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జాన్ ఎవరెట్ క్లౌ, హారియట్ దంపతులు 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. ఊరి బ్రాహ్మణులు తమ పిల్లల్ని వాళ్ల బడికి పంపారు. ఇంతలో తోళ్ల వ్యాపారి, మాదిగ యర్రగుంట్ల పేరయ్య మాట పట్టుకుని పల్లెల నుంచి మాదిగలు రాసాగారు. 1867 జనవరిలో తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్లు తేల్చి చెప్పారు.

ఆ రోజు భార్యాభర్తలిద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఒకే భాగం కనబడిందట: కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, దేవుడు అల్పులనే ఎన్నుకున్నాడన్న మాట. మాదిగలను వదులుకోలేదు. పై కులాల పిల్లలు బడి మానేశారు.

మిషన్ దీన్ని అద్భుతం అంటుంది. మేమనేది వేరు. గడప దాకా నడిచొచ్చిన మాదిగలే ఆ దంపతుల ముందు ఈ ప్రశ్న పెట్టారు.

తర్వాత పని మోసిందీ వాళ్లే. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుంటే, కూలీలపై అజమాయిషీ చేసింది తెలుగు బోధకులు. కరువులో బాప్తిస్మాలు ఆపేశారు. కూటికోసం మతం మారారనే వాళ్లు ఈ సంగతి చెప్పరు. 1878 జులై 3న గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చిందీ ఆ బోధకులే. క్లౌ ఒడ్డున నిలబడ్డాడు.

వాళ్ల పేర్లు ఊరూరా వెతికి రాయటం ఇక మన పని.