గ్రాఫిక్స్ కార్డు ఎంపిక

కంప్యూటరు తెరపై కనిపించే దృశ్యాలను లెక్కించి, రూపొందించి, మానిటరుకు పంపే విడిభాగాన్ని గ్రాఫిక్స్ కార్డు అంటారు. వీడియో గేములు ఆడేవారికి కంప్యూటరులో సాధారణంగా అన్నిటికంటే ఖరీదైన భాగం ఇదే. కార్డును తయారీదారు నిర్ణయించిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపించడాన్ని ఓవర్‌క్లాకింగు అంటారు. కార్డును ఎన్నుకొనేటప్పుడు దాని వేగాన్ని మాత్రమే చూస్తే చాలదు. మానిటరు, ప్రాసెసరు, ఎస్‌ఎంపీఎస్, గదిలోని వేడి, వీటన్నిటినీ కలిపి చూడవలసి ఉంటుంది. ఎండ తీవ్రంగా ఉండే దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతాలలో ఈ చివరి అంశానికి ప్రాధాన్యం ఎక్కువ.

చరిత్ర

1996లో వచ్చిన త్రీడీఎఫ్‌ఎక్స్ సంస్థ వారి వూడూ కార్డు త్రిమితీయ దృశ్యాలకే పరిమితమైనది. మామూలు పనులకు దానితోపాటు మరొక కార్డు అవసరమయ్యేది. 1999లో ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 256ను విడుదల చేసి, దానిని గ్రాఫిక్స్ ప్రాసెసింగ్ యూనిట్ (జీపీయూ) అని పిలిచింది. ఆ పేరే తరువాత స్థిరపడింది. 1985లో కెనడాలో స్థాపించబడిన ఏటీఐ సంస్థను 2006లో ఏఎండీ కొనుగోలు చేసింది. ఏటీఐ వారి రేడియాన్ పేరును ఏఎండీ కొనసాగించింది. 2022లో ఇంటెల్ సంస్థ ఆర్క్ కార్డులను విడుదల చేసింది. ఈ మూడు సంస్థలకూ హైదరాబాదులో కార్యాలయాలున్నాయి.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

మానిటరు: కార్డుపై పడే భారం తెరలోని చుక్కల (పిక్సెళ్ళ) సంఖ్యపై ఆధారపడి ఉంటుంది. 1920×1080 తెరలో 20,73,600 చుక్కలు, 2560×1440 తెరలో 36,86,400 చుక్కలు, 3840×2160 తెరలో 82,94,400 చుక్కలు ఉంటాయి. అనగా మూడవదానిలో మొదటిదానికి సరిగ్గా 4 రెట్లు ఉంటాయి. సెకనుకు 60 చిత్రాలు చూపే మానిటరు ముందు సెకనుకు 150 చిత్రాలు తయారుచేసే కార్డును పెట్టినా, తెరపై చూపబడేవి 60 మాత్రమే. కావున ముందు మానిటరును నిశ్చయించుకొని, దానికి తగిన కార్డును వెతకడం మంచిది.

మెమరీ: కార్డులోని మెమరీ చాలకపోతే ఆట మధ్యమధ్య ఆగి ఆగి నడుస్తుంది. ఇటీవలి పెద్ద ఆటలకు 1920×1080 తెరపై 8 గిగాబైట్లు కనీస అవసరంగా భావించవచ్చు. అంతకంటే పెద్ద తెరలకు 12 లేక 16 గిగాబైట్లు ఉండడం మేలు. ఓవర్‌క్లాకింగు వలన మెమరీ వేగం పెరుగుతుందే గాని పరిమాణం పెరగదు.

ప్రాసెసరు, మదర్‌బోర్డు: ప్రాసెసరు పాతదైతే కొత్త కార్డు పూర్తి శక్తితో పనిచేయలేదు. కొత్త కార్డులు పాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులలోనూ పనిచేస్తాయి. కాని కొన్నిటిలో వేగం తగ్గుతుంది. ఉదాహరణకు 2022లో వచ్చిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు స్లాటులోని 16 మార్గాలలో నాలుగింటినే వాడుకొంటుంది. అందువలన మూడవ తరం స్లాటు గల పాత బోర్డులలో అది గణనీయంగా వెనుకబడుతుంది.

ఎస్‌ఎంపీఎస్: స్లాటు నుండి కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు అందుతాయి. అంతకు మించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుండి వేరే తీగలు కలపాలి. 6 పిన్నుల తీగ 75 వాట్లను, 8 పిన్నుల తీగ 150 వాట్లను ఇవ్వగలవు. కార్డుకు 200, ప్రాసెసరుకు 125, మిగిలిన భాగాలకు 75 చొప్పున మొత్తం 400 వాట్లు కావలసిన కంప్యూటరుకు 550 నుండి 600 వాట్ల నాణ్యమైన ఎస్‌ఎంపీఎస్ ఉండాలి. ఇళ్ళలో వాడే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల భారమే మోయగలదు. కరెంటు పోయినపుడు ఇటువంటి కంప్యూటరును అది నిలబెట్టలేదు. ఇంటి వైరింగులో సరియైన ఎర్తింగు కూడా ఉండాలి.

క్యాబినెట్: పెద్ద కార్డులు మూడు స్లాటుల మందం వరకు, కొన్ని అంతకు మించి కూడా ఉంటాయి. కొనేముందు క్యాబినెట్ లోపలి పొడవును కొలుచుకోవాలి.

ఓవర్‌క్లాకింగు

ఇందుకు ఎమ్‌ఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. చిప్పు వేగాన్ని ఒకేసారి పెంచక, 15 నుండి 25 మెగాహెర్ట్జ్‌ల చొప్పున పెంచుతూ ప్రతిసారీ పరీక్షించాలి. తెరపై మచ్చలు, గీతలు కనిపించినా, ఆట మధ్యలో ఆగిపోయినా ఒకటి రెండు మెట్లు వెనుకకు రావాలి. మెమరీ వేగాన్ని విడిగా పరీక్షించాలి. ఈనాటి కార్డులు వేడికి, విద్యుత్తుకు లోబడి తమ వేగాన్ని తామే పెంచుకొంటాయి. అందువలన చేతితో పెంచగలిగేది సాధారణంగా 10 శాతానికి మించదు. 5 శాతం పెరిగితే సెకనుకు 60 చిత్రాలు 63 అవుతాయి.

చిప్పు వాడే విద్యుత్తు దాని వేగానికి, వోల్టేజి యొక్క వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వేగాన్ని, వోల్టేజిని చెరి 5 శాతం పెంచితే విద్యుత్తు వాడకం సుమారు 16 శాతం పెరుగుతుంది. ఆ విద్యుత్తంతా చివరకు వేడిగా మారుతుంది. ఇందుకు భిన్నంగా, వేగాన్ని మార్చక వోల్టేజిని మాత్రమే 10 శాతం తగ్గించగలిగితే వాడకం సుమారు 19 శాతం తగ్గుతుంది. దీనిని అండర్‌వోల్టింగు అంటారు. ఎంత తగ్గించవచ్చుననేది చిప్పు చిప్పుకూ మారుతుంది గనుక దీనినీ మెల్లగా పరీక్షించవలసినదే.

ఓవర్‌క్లాకింగు వలన కలిగిన నష్టానికి వారంటీ వర్తించకపోవచ్చు. ఆ నియమాలను ముందే చదువుకోవాలి.

వేసవి ప్రభావం

తిరుమలగిరి పూర్వం నల్గొండ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరింది. ఈ ప్రాంతంలో మే నెల పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. 25 డిగ్రీల గదిలో 70 డిగ్రీల వద్ద నడిచే చిప్పు గదికంటే 45 డిగ్రీలు వేడిగా ఉన్నట్లు. అదే కార్డు అదే పనిని 40 డిగ్రీల గదిలో చేస్తే చిప్పు ఉష్ణోగ్రత 85 డిగ్రీల సమీపానికి చేరుతుంది. అనేక కార్డులు ఈ స్థాయిలో తమను కాపాడుకొనుటకు వేగాన్ని తగ్గించుకొంటాయి. అప్పుడు ఓవర్‌క్లాకింగు వలన వచ్చిన కొద్దిపాటి లాభం కూడా మిగలదు. చలికాలంలో నిలకడగా నడిచిన అమరిక వేసవిలో విఫలం కావడానికి కారణం కూడా ఇదే.

కార్డు అదనంగా వాడే 100 వాట్లు, రోజుకు 4 గంటల చొప్పున, నెలకు 12 యూనిట్లు అవుతాయి. ఏసీ లేని గదిలో ఆడేవారు చిన్న కార్డును గరిష్ఠంగా పరుగెత్తించడం కంటే, పెద్ద ఫ్యాన్లు గల కార్డును తక్కువ వోల్టేజితో నడుపుకోవడం ఉత్తమం. పంకాలపై చేరే దుమ్మును తరచు తుడవాలి. బ్లోయరు వాడేటప్పుడు పంకా అదుపులేకుండా తిరగకుండా పట్టుకోవాలి.

కొనుగోలు

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ) కంప్యూటరు విడిభాగాలకు ప్రసిద్ధి చెందిన అంగడి. అక్కడి ధరలను ఆన్‌లైను ధరలతో పోల్చి చూసుకోవాలి. జీఎస్‌టీ బిల్లు తీసుకొని, కార్డుపై గల సీరియల్ సంఖ్య పెట్టెపై ఉన్న సంఖ్యతో సరిపోయినదో లేదో చూడాలి. 2022 సెప్టెంబరులో ఎథీరియం విధానం మారడంతో, ఆ క్రిప్టో ద్రవ్యం కొరకు రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు చాలా పాత సరుకుగా బజారుకు వచ్చాయి. అటువంటి కార్డును కనీసం అరగంట పూర్తి భారంతో నడిపి, పంకాల చప్పుడును, ఉష్ణోగ్రతను గమనించకుండా కొనరాదు.

ఇవి కూడా చూడండి

మదర్‌బోర్డు
మానిటరు
వీడియో గేము
తిరుమలగిరి (సూర్యాపేట జిల్లా)