రోమాలు: ఆరోగ్య అసమానతల చరిత్ర

యూరప్‌లోకెల్లా పెద్ద మైనారిటీ జాతి రోమాలు. వీరి జనాభా కోటి నుంచి కోటీ 20 లక్షల దాకా ఉంటుందని అంచనా. సుమారు వెయ్యేళ్ల కిందట వాయవ్య భారతం నుంచి పడమరకు తరలిపోయినవారి సంతతి వీరు. యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల సంస్థ 2021లో జరిపిన సర్వే ప్రకారం రోమా స్త్రీల ఆయుర్దాయం మిగతా స్త్రీల కంటే 11 ఏళ్లు, పురుషులది 9 ఏళ్లు తక్కువ. ఇందుకు వారి అలవాట్లను తప్పుపట్టడం పరిపాటి. చరిత్ర తెలిసినవారు ఆ మాట అనలేరు.

నేటి రొమేనియాలో భాగమైన వలాకియా, మోల్దావియాల్లో 1850ల నడిమి దాకా రోమాలు బానిసలు. నాజీలు కనీసం రెండున్నర లక్షల మందిని చంపారు. ఆష్‌విట్జ్‌లోని రోమా శిబిరంలో పిల్లల మీద ప్రయోగాలు చేసిన జోసెఫ్ మెంగెలె వైద్యుడే. 1944 ఆగస్టు 2 రాత్రి ఆ శిబిరంలో మిగిలిన నాలుగు వేల మందికి పైగా రోమాలను గ్యాస్ గదులకు పంపారు. డాక్టరంటే ఈ జాతిలో ఉన్న భయం ఊరికే పుట్టలేదు.

యుద్ధం ముగిసినా ఆ భయానికి కారణాలు తీరలేదు. చెకోస్లొవేకియాలో 1970ల నుంచి డబ్బు ఆశ చూపి, ఒత్తిడి తెచ్చి రోమా స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించారు. చార్టర్ 77 అనే పౌరహక్కుల బృందం వాళ్లు 1978లోనే ఈ సంగతి బయటపెట్టారు. కమ్యూనిస్టు పాలన పోయాక కూడా ఆపరేషన్లు ఆగలేదు. 2000 ఆగస్టులో స్లొవేకియాలోని ప్రెషోవ్ ఆసుపత్రిలో నొప్పులు పడుతున్న ఒక రోమా యువతిని ఇంకా పిల్లలు కావాలా అని అడిగారు. కావాలంది. మళ్లీ కడుపొస్తే తల్లో బిడ్డో దక్కరని చెప్పి కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఆపరేషన్ చేశారు. ఆ సంతకం వణికిపోయి ఉంది. పుట్టింటి పేరు రెండు ముక్కలుగా పడింది. కేసు షీటులో ఆమె రోమా అని రాశారు. కాన్పు తర్వాత ఉంచిన గదిలో ఉన్నవారంతా రోమా స్త్రీలే. 2011 నవంబరు 8న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఆమెకు 31,000 యూరోల పరిహారం ఇప్పించింది. జాతి వివక్ష జరిగిందా అన్న ప్రశ్నను మాత్రం విడిగా విచారించలేదు. కేసుకు ప్రాణం లాంటి ప్రశ్న అదే.

ఈ ఆపరేషన్ల మీద చెక్ ప్రభుత్వం 2009లో విచారం వెలిబుచ్చింది. బాధితులకు తలా మూడు లక్షల కొరునాలు ఇచ్చే చట్టం రావడానికి 2021 దాకా పట్టింది. స్లొవేకియా ప్రభుత్వం క్షమాపణ చెప్పిందీ ఆ ఏడాదే.

కొసావోలో అన్యాయం మరో దారిలో వచ్చింది. 1999లో మిత్రోవిత్సాలో ఇళ్లు కాలిపోయిన రోమాలకు సీసం కలిసిన నేల మీద శిబిరాలు వేశారు. ఆ సీసం పిల్లల రక్తంలోకి చేరింది. ఆ శిబిరాలు వేసింది ఐక్యరాజ్యసమితి యంత్రాంగమే.

మేలు జరిగిన చోట రోమా స్త్రీలే ముందు నిలిచారు. రొమేనియాలో 1990లలో స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన ఆరోగ్య మధ్యవర్తుల పద్ధతిని 2002లో ఆరోగ్య శాఖ తన వ్యవస్థలోకి తీసుకుంది. రోమా బస్తీల్లో పుట్టి పెరిగిన ఈ మహిళలు పిల్లలకు టీకాలు వేయిస్తారు, డాక్టరు మాటను రోమానీ భాషలో విడమరిచి చెబుతారు, పేర్లు నమోదు చేయిస్తారు. ఆయుర్దాయంలోని తేడాను 2030 కల్లా సగానికి తగ్గించాలన్నది యూరోపియన్ యూనియన్ లక్ష్యం. అది నిజంగా నెరవేరాలంటే ఈ మధ్యవర్తులకు పర్మినెంటు ఉద్యోగాలు, సరైన జీతాలు ఇవ్వాలి.